తక్కువ వెలుగు

బెర్గెన్‌లో నవంబరు. వాన ఇవాళ్టిది కాదు,
పదమూడు రోజుల నాటిది.
నేలమాళిగలోని మైక్రోస్కోపు గదికి కిటికీ లేదు.
దాని తాళంచెవి తోరున్ మెడలో వేలాడుతుంది,
చదువుకునే కళ్ళద్దాలతో చిక్కుపడి.

ఎస్కిల్ రాత్రంతా సినిమా తీశాడు.
అందులో నటి ఒక్కతే: చేపపిల్ల నుంచి తీసిన ఒక కణం.
దాని లోపలి వాసాలకూ దూలాలకూ
ఆకుపచ్చ రంగు తొడిగాడు.
జెల్లీచేప దగ్గర తెచ్చిన ప్రోటీను అది,
వడ్డీ లేని అప్పు అనుకున్నాడు.

మొదటి గంట కన్నుల పండుగ.
పోగులు పోగులుగా పచ్చదనం,
కణం కాళ్ళు చాపుకుంటూ, మళ్ళీ దగ్గరికి లాక్కుంటూ.
మూడో గంటకి లాక్కున్న కాలు చాపలేదు.
నాలుగో గంటకి ఉండచుట్టుకుంది,
ఒంటినిండా బుడగలు,
పెనం మీది అట్టుకి లేచినట్టు.
ఆ తర్వాత సినిమాలో కదిలేవి
మూలన గడియారం అంకెలే.

"ఈ రంగే విషం" అన్నాడు, తడి కోటు విప్పకుండానే.
తోరున్ ఫ్లాస్కు మూత తిప్పుతూ అడిగింది:
"చీకట్లో ఒక పళ్ళెం ఉంచావా?"

ఉంచలేదు.

ఆ రోజు ఇద్దరూ కలిసి నాలుగు పళ్ళేలు పెట్టారు.
రెంటికి రంగు, రెంటికి లేదు.
ఒక్కోదాంట్లో ఒకటి నీలి లేజరు కింద,
ఒకటి నల్ల కాగితం చుట్టి.
కాగితం అంటించేటప్పుడు తోరున్ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

ఇరవై ఆరేళ్ళ కిందట ఆమె కూతురు పచ్చకామెర్లతో పుట్టింది.
గాజుపెట్టెలో నీలి దీపం కింద పడుకోబెట్టి
నర్సు ఆ చిట్టి కళ్ళకి గంతలు కట్టింది.
"వెలుగు మందే తల్లీ,
కళ్ళకి మాత్రం కాదు" అని ఆ మాట చాలా మామూలుగా అంది,
కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు.

తెల్లారింది, అంటే గడియారం అలా చెప్పింది.
రంగుండి చీకట్లో ఉన్నవి బతికే ఉన్నాయి.
రంగు లేకుండా వెలుగులో ఉన్నవాటిలోనూ
కొన్ని వాడిపోయాయి.
రంగూ వెలుగూ కలిసినచోటే శవాలు.
ఎస్కిల్ ముఖం వికసించింది: "అయితే రంగు తప్పేం లేదు!"
"తొందరపడకు" అంది. "చీకట్లోవి లెక్కపెట్టు."
లెక్కపెట్టాడు. రంగున్నవి రెండుగా చీలడానికి
మూడు గంటలు ఆలస్యం చేస్తున్నాయి.
ఒక్కో రంగు అణువూ పండేటప్పుడు
ఒక్క పెరాక్సైడ్ అణువుని ఉమ్ముతుంది.
అదో, మోయలేనంత రంగు మోయడమో,
ఇంకేదైనానో.
తోరున్ నోటుపుస్తకంలో రాసింది: తెలియదు.
కింద గీత కూడా గీసింది.

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని
మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.
వాళ్ళకి లేజరు తెలియదు,
చూపుకి బరువుంటుందని తెలుసు.
పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెట్టేవాళ్ళు.
తోరున్‌కి ఆ సామెత తెలియదు,
నల్ల కాగితం తెలుసు.

"ఇంతకీ ఈ రంగు క్షేమమేనా, కాదా?"
"నువ్వెంతసేపు చూస్తావు?"
అని, లేజరు మీటని నలభై నుంచి రెండుకి దించింది.
ఇరవై నిమిషాలకొక్క చూపు.
తెర మీద ఇసుక చల్లినట్టు బొమ్మ.
ఇది పత్రికవాళ్ళు వేసుకోరని ఎస్కిల్ గొణిగాడు.
ఆమె కాఫీ చల్లారిపోయింది, అయినా తాగింది.

ఆ రాత్రి, నూట పదకొండో బొమ్మలో
మసక మసకగా ఒక కణం.
నూట పన్నెండులో రెండు.
నడుమ షట్టరు మూసి ఉన్న ఇరవై నిమిషాల్లో
ఎవరూ చూడకుండా
పని కానిచ్చేసింది.